విశ్రాంతి వేళలో తగిలిన దెబ్బ

బహ్రెయిన్‌లో ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే, దెబ్బ తగిలినవాళ్లను నమ్మకపోవడమే నా ఉద్యోగమని చెబుతాను. నవ్వుతారు. కానీ అది నిజం. మనామాలో, బీమా కంపెనీల తరఫున పని గాయాలను పరిశీలించి నివేదికలిచ్చే ఒక చిన్న సంస్థలో చేరి, జుట్టు పూర్తిగా నెరిసేదాకా అక్కడే ఉన్నాను. పరంజా మీది నుంచి పడిన తాపీపనివాడు, మరిగే నూనె ఒంటిమీద ఒలికిన వంటవాడు, లారీ తలుపులో వేళ్లు నలిగిన డ్రైవరు, ఎవరు వచ్చి ఏం చెప్పినా అది చెప్పినట్టే జరగడం శరీరానికి సాధ్యమేనా అని చూడాలి. అంతకుముందు శరీరధర్మశాస్త్రం చదివి వరంగల్‌లో ఒక కళాశాలలో పాఠం చెప్పాను. ఎముక, కండరం, కీలు అబద్ధమాడవని విద్యార్థులకు చెప్పేదాన్ని. మనుషులు ఆడతారని ఉద్యోగంలో చేరాక తెలిసింది. నిబంధనలు ఒక్క అబద్ధపు మాటా లేకుండానే మనిషిని మోసం చేయగలవని ఈ ఉదంతంలో తెలిసింది.

వృద్ధుల సంరక్షణ నేర్పి విదేశాలకు పంపుతామనే బోర్డులు ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లోనే కనిపిస్తున్నాయి. మంచం పట్టిన మనిషిని పక్కకు ఎలా తిప్పాలో, మందులు ఏ వేళకు వేయాలో ఆ తరగతుల్లో నేర్పుతారట. ఒప్పందంలో ‘విశ్రాంతి’ అన్న మాటను ఎలా చదవాలో నేర్పుతారని మాత్రం నేనెక్కడా వినలేదు. వెళ్లబోయే మీకోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఈ కథ ఒక కుటుంబపు దుర్మార్గం గురించి కాదు. ఆ కుటుంబం మంచిదే అయి ఉండవచ్చు. నాకు కోపం తెప్పించింది ఆ మంచితనం కాళ్లకింద పరిచి ఉన్న ఏర్పాటు.

గల్ఫ్ అంటే యువకులు కష్టపడే చోటని మనకు ఒక అభిప్రాయం. మనామాకు పడమటగా, బుదైయా వైపు విల్లాల్లోకి వెళ్లి చూసిన నాకు మరో లోకం కనిపించేది. పెద్దవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారు. కూతుళ్లూ కోడళ్లూ ఉద్యోగాలకు వెళ్తున్నారు. తల్లిని వృద్ధాశ్రమంలో వదలడం అక్కడ తలవంపు. కాబట్టి ప్రతి పెద్ద ఇంట్లోనూ ఒక గదిలో ఒక వృద్ధురాలు, ఆమె మంచం పక్కన నేలమీది పరుపుపై దూరదేశపు స్త్రీ ఒకామె. ఆ స్త్రీకి రెండు పేర్లుంటాయి. వీసాలో ఇంటి పనిమనిషి. ఆమెను పంపే ఏజెన్సీ కుటుంబానికి అమ్ముకునేటప్పుడు శిక్షణ పొందిన సంరక్షకురాలు. జీతం మొదటి పేరుకు వస్తుంది, చాకిరీ రెండో పేరుకు జరుగుతుంది. ఇది అన్ని ఏజెన్సీల సంగతి అని నేననను. నా బల్లమీదికి వచ్చిన ఒప్పందాల మాట చెబుతున్నాను, అంతే.

ఆ కేసు నా దగ్గరికి వచ్చినప్పుడు చాలా చిన్నదిగా ఉంది. సంరక్షకురాలు, గోదావరి జిల్లా మనిషి, నలభై దాటింది. బాత్‌రూంలో జారి పడింది. ఎడమ భుజం కీలు తప్పింది. ఆసుపత్రిలో సరిచేశారు గానీ లోపలి కండరం తెగింది; శస్త్రచికిత్స కావాలి. ఏజెన్సీ తన పనివాళ్లందరికీ ఒక బీమా తీసుకుంది. పనిలో ఉండగా తగిలిన గాయమని నేను రాస్తే కంపెనీ శస్త్రచికిత్స చేయించి పరిహారం ఇస్తుంది. కాదని రాస్తే ఆమె తెగిన కండరంతోనే విమానం ఎక్కుతుంది. ఎడమ చేతితో బరువు ఎత్తలేని మనిషికి ఈ పనిలో మళ్లీ చోటు ఉండదు.

మనామా పాత బజారు వెనక సందులో, ఏజెన్సీ తన ఆడవాళ్లను ఉంచే గదుల్లో ఆమెను కలిశాను. చెయ్యి మెడకు వేలాడదీసి ఉంది. ఆమెతోపాటు ఆమె పనిచేసే విల్లా డ్రైవరు కూడా ఉన్నాడు. నిజామాబాద్ మనిషి, గడ్డానికి గోరింట రంగు, గొంతు పెద్దది. ఆమె అడగకుండానే ఆమె తరఫున మాట్లాడే బాధ్యత తీసుకున్నాడు.

"మేడం, మీరు డాక్టరా, పోలీసా?" అన్నాడు.

"రెండూ కాదు."

"గట్లయితే ఇంక డేంజరున్నట్టు," అని ఆమె వైపు తిరిగి, "చెల్లె, జర సోంచాయించి మాట్లాడు," అన్నాడు.

ఎలా పడ్డావని అడిగాను.

"ఆయ్, బాత్‌రూంలో జారిపోయానండి. నీళ్లున్నాయండి. సబ్బు నీళ్లు."

"ఏ వైపు పడ్డావు?"

ఆమె డ్రైవరును చూసింది. "ఎడం వైపేనండి."

"చెయ్యి చాపి పడ్డావా, మడిచి పడ్డావా?"

"పడేటప్పుడు ఎవరు చూసుకుంటారండీ!" అంది, కొంచెం విసుగ్గా.

జవాబు సబబైనదే. అందుకే ఆమె మాట పక్కనపెట్టి ఒళ్లు చూశాను. తడి నేలమీద ఎడమ వైపు పడిన బరువైన మనిషికి తుంటి మీదో, మోచేతి మీదో, అరచేతిలోనో దెబ్బ ఉండాలి. ఎక్కడా లేదు. ఉండకూడని రెండు చోట్ల ఉంది. చంక కింద, చేతికి అడ్డంగా, ఇనుప కడ్డీ మీద వేసి నొక్కినట్టు ఒక నల్లని చార. మణికట్టు చుట్టూ కడియంలా చర్మం ఒరుసుకుపోయిన గుర్తు. జారిపడితే మణికట్టు చుట్టూ ఒరుసుకుపోదు. ఎవరో, ఏదో, ఆ చేతిని పట్టి బలంగా లాగారు. లాగినప్పుడు చంక కింద ఏదో గట్టి అంచు అడ్డంగా ఉంది.

"నువ్వు జారిపడలేదమ్మా," అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. "మీరు మనోళ్లేనా అండీ అసలు?"

"మనవాళ్లం కాబట్టే చెబుతున్నాను. ఇలాగే రాసిస్తే కంపెనీ డాక్టరు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు."

డ్రైవరు లేచి నిలబడ్డాడు. "మేడం, గిన్నేండ్ల సంది చూస్తున్న. బాత్‌రూంల జారిండంటేనే కేసు పాసైతది. అందరు గదే చెప్తరు. మా బావమరిది క్రేన్ కింద పడి కూడ బాత్‌రూం అనే చెప్పిండు."

"పాసయిందా?"

"లే. వాని నసీబు."

ఎంత ఆపుకున్నా నవ్వొచ్చింది. ఆమెకు మాత్రం రాలేదు. టీ తెమ్మని డ్రైవరును కిందికి పంపి తలుపు వేశాను. ఆమె తలుపు వైపు చూసి, "నిజం చెబితే జైల్లో ఎడతారంటండి," అంది.

నిజం ఇది. ఆమె చూసుకునే వృద్ధురాలిని ఇంట్లో అందరూ మామా, అంటే అరబ్బీలో అమ్మా, అంటారు. మామాకు మతిమరుపు జబ్బు. మనిషి భారీ కాయం. నడవగలదు కానీ నిలదొక్కుకోలేదు. అందరూ పడుకున్నప్పుడు లేచి, ఎప్పుడో కూలగొట్టేసిన తన పుట్టింటికి బయలుదేరుతుంది. అలా రెండుసార్లు పడింది. కాబట్టి పడుకునేటప్పుడల్లా మామా మణికట్టుకూ, నేలమీద పడుకున్న ఈమె మణికట్టుకూ కలిపి ఒక గుడ్డ కట్టేవారు. మామా కదిలితే ఈమెకు మెలకువ వస్తుంది. గాయపడిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీస్తోంది. మామా ఎప్పుడూ దిగే వైపు కాకుండా, కిటికీ వైపు దిగింది. గుడ్డ మంచం మీదుగా బిగుసుకుంది. మామా తూలింది. ఆ బరువంతా నిద్రలో ఉన్న మనిషి చేతిని పైకి ఎత్తి, మంచపు ఇనుప అంచు మీద వేసి విరిచింది.

"మరి మామాకు?"

"ఏం కాలేదండి. గుడ్డ పట్టి ఆపేసింది కదండీ! మెల్లగా కూకుండిపోయింది. నేనరిత్తే, ఇంటిల్లిపాదీ వచ్చి ముందు మామానే సూసుకున్నారండి. గీత కూడా పడలేదని దేవుడికి దణ్ణాలెట్టుకున్నారు."

"గుడ్డ కట్టమన్నది ఎవరు?"

"అమ్మగారేనండి. మామా కూతురు. నేనూ ఒప్పుకున్నాను. అబద్ధమెందుకూ, మామా పడిపోతే ఆ పాపం నాకెక్కడ సుట్టుకుంటాదోనని భయమండి. ఇప్పుడు ఏజెన్సీవోళ్లేమో, ముసలామెను కట్టేత్తావా, అది నేరం, బయటికి చెబితే నీమీదే కేసంటన్నారు."

ఉచ్చు ఎంత నేర్పుగా అల్లారో చూడండి. గుడ్డ కట్టలేదంటే ఆ గాయం ఎలా అయిందో చెప్పలేకపోతుంది, పరిహారం రాదు. కట్టానంటే వృద్ధురాలిని బంధించిన నేరస్థురాలు. పరిహారం సంగతి దేవుడెరుగు, దేశం దాటనివ్వరు. అబద్ధం నిలబడదు, నిజం నిలబడనివ్వదు. ఆమెను అబద్ధంలోకి నెట్టింది డ్రైవరు సలహా అని అప్పటిదాకా అనుకున్నాను. అతను చూపించింది ఉన్న ఒకే ఒక తలుపు.

టీతో తిరిగి వచ్చిన అతన్ని సూటిగా అడిగాను. "ఆ గుడ్డ నువ్వు చూశావా?"

"చూసిన."

"చూశానని రాసిస్తావా?"

"మేడం, నాకు కఫీల్ ఉన్నడు, నా వీసా ఆయన చేతిలున్నది. ఇద్దరు పిల్లలు సదువుతున్నరు. చూసిన గని, చూడలే." టీ కప్పు ఆమె కుడిచేతికి అందించి తలదించుకున్నాడు. "మాఫ్ చెయ్ చెల్లె."

"నువ్వెందుకులే భాయ్," అంది ఆమె.

ఆమె చెప్పింది నేను నమ్మేశానని మీరు అనుకోవద్దు. మొదటి కథ అబద్ధమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు. మణికట్టు గుర్తుకు గుడ్డ ఒక కారణం కావచ్చు. మరో కారణం ఉండదని ఎవరు చెప్పారు? మంచం ఎత్తు, వెడల్పు తెలియాలి. గుడ్డ పొడవు తెలియాలి. అన్నింటికీ మించి, ఆ గుడ్డ ఉండాలి.

అరబ్బీ మాట్లాడటానికి నా సహోద్యోగిని వెంట తీసుకెళ్లాను. బహ్రెయిన్ అమ్మాయి, న్యాయశాస్త్రం చదివింది, నా కన్నా ఇరవై ఏళ్లు చిన్నది. ఎదుటివాళ్లు చెప్పనిది వినడంలో ఆమెకున్న ఓపిక నాకు లేదు. బుదైయాలో ఖర్జూరపు తోటల మధ్య ఉన్న ఆ విల్లాకు కావాలనే మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు వెళ్లాం. మామా కూతురు ఏదో బడిలో పెద్ద హోదాలో పనిచేస్తుంది. ఖర్జూరాలు, ఖహ్వా అనే అరబ్బు కాఫీ పెట్టి, ఆ అమ్మాయి ఎలా ఉందని నిజమైన ఆదుర్దాతోనే అడిగింది.

"గుడ్డ గురించి చెప్పండి," అన్నాను.

"ఏ గుడ్డ?" అంది. "మా ఇంట్లో అలాంటి పద్ధతి లేదు. ఆ అమ్మాయి బాత్‌రూంలో జారిందని మీ కాగితాల్లోనే ఉంది కదా!"

గది చూస్తామన్నాం. మంచం కొలుస్తుంటే ఆమె అభ్యంతరం చెప్పలేదు. మంచానికి ఇనుప అంచు ఉంది. ఎత్తు, నేలమీది పరుపుపై పడుకున్న మనిషి చేతిని పైకి లాగితే చంక సరిగ్గా ఆనేంత. అక్కడిదాకా ఆమె కథ సాధ్యమే. సాధ్యమైనదల్లా జరిగినట్టు కాదు. గాయపడిన మనిషి స్థానంలో అప్పటికే ఇంకొకామె వచ్చింది. ఏదో ఆఫ్రికా దేశపు అమ్మాయి, గోడకు ఆనుకుని నిలబడి నేలను చూస్తోంది.

అప్పుడే మామాను పడుకోబెట్టే వేళయింది. ఆ అమ్మాయి మామాను మంచం మీదికి చేర్చి, కాళ్లు సర్ది, దుప్పటి కప్పింది. అందరం వెళ్లడానికి తలుపు వైపు తిరిగాం. వెనకనుంచి "యల్లా", కానివ్వండి, అని గొంతు వినిపించింది.

మామా తన ఎడమ చెయ్యి మంచం బయటికి చాపి ఉంది. అరచెయ్యి పైకి, మణికట్టు ముందుకు. గాజులమ్మేవాడికి చెయ్యి ఇచ్చినట్టు. ఎవరూ కదలకపోయేసరికి చిరాకుపడి మళ్లీ "యల్లా!" అంది. తన కూతుళ్ల పేర్లు మరిచిపోయిన మనిషి అది మాత్రం మరవలేదు. ఆ కొత్త అమ్మాయి చెయ్యి దానంతట అదే దిండు కిందికి వెళ్లి, మమ్మల్ని చూసి ఆగిపోయింది.

మామా కూతురే ముందుకు వచ్చి దిండు కింద నుంచి గుడ్డ తీసింది. నేను చేత్తో పట్టుకుని చూశాను. మామా వైపు కొసకు లోపల దూది పెట్టి, మెత్తని నూలుబట్టతో అందంగా కుట్టిన పట్టీ ఉంది. రెండో కొస ఉట్టి గుడ్డ. దానికి ముడే.

నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన విరిగిన ఎముకలు, కాలిన చేతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏదీ నాకు ఆ రెండో కొసంత కోపం తెప్పించలేదు. ఒకే గుడ్డ. ఒకే లాగుడు. ఒక చర్మం ఒరుసుకుంటుందని ఆలోచించి రాత్రుళ్లు కూర్చుని కుట్టిన చేతులకు, అవతలి వైపు కూడా చర్మమే ఉంటుందన్న ఆలోచన రాలేదు.

కూతురు ఏడ్చేసింది. "అమ్మ రెండుసార్లు పడింది. మూడోసారి తుంటి విరిగితే ఇక లేవదన్నారు డాక్టరు. నన్నేం చేయమంటారు? నేను మా అమ్మను కట్టేయలేదు. అలాంటి దాన్ని కాను. ఆ అమ్మాయిని మా అమ్మకు కట్టాను."

నా సహోద్యోగి ఆ మాటను నాకు అనువదించాక, అదే మాటను అరబ్బీలో నెమ్మదిగా ఆమెకే తిరిగి చెప్పింది. కూతురు విని, చేతులతో ముఖం కప్పుకుంది. తరువాత తనే కాగితం అడిగి, గుడ్డ తను కట్టించిందని, కట్టడం గాయపడినామె పనిలో భాగమని రాసి ఇచ్చింది. అందుకే ఆ కుటుంబం మంచిదే అయి ఉండవచ్చని మొదట్లో అన్నాను. ఆ కాగితం ఆమె ఇవ్వాల్సిన అవసరం లేదు. ఇచ్చింది.

తిరిగి వస్తుంటే కారులో నా సహోద్యోగి, "మా నానమ్మ పక్కన కూడా ఒకామె పడుకుంటుంది," అంది. "ఆమె ఎప్పుడు నిద్రపోతుందో నేనెప్పుడూ అడగలేదు."

నేరం మాట పోయింది. గాయం ఎలా అయిందో తేలింది. ఇక దారి సాఫీ అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

మనామాలోనే అద్లియా పేటలో, కింద కాఫీ దుకాణం, పైన ఏజెన్సీ ఆఫీసు. మేనేజరు కోటు వేసుకుని, చిరునవ్వుతో, మాకు ఆ కాఫీయే తెప్పించాడు. గుడ్డ సంగతి విని ఏమాత్రం చలించలేదు. "మేడం, మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను. గుడ్డ ఉంది. లాగింది. భుజం తప్పింది. కానీ ఎప్పుడు? మధ్యాహ్నం. ఒప్పందం ప్రకారం మధ్యాహ్నం భోజనం తరువాత ఆమెకు విశ్రాంతి సమయం. ఆమె ఏం చేస్తోంది? నిద్రపోతోంది. నిద్ర పని కాదు. బీమా పనిలో తగిలిన గాయానికే వర్తిస్తుంది. దయచేసి చదవండి."

చదివాను. ప్రతి వాక్యం సరిగానే ఉంది. విశ్రాంతి ఇవ్వాలన్న నిబంధనను ఎవరో పనివాళ్ల మేలు కోరే రాసి ఉంటారు. ఆ మేలునే తాడుగా పేని ఇప్పుడు ఆమె మెడకు వేస్తున్నారు. ఆమెకు విశ్రాంతి ఇచ్చినట్టు కాగితంలో ఉంది కాబట్టి, ఆమె విశ్రాంతిలో ఉంది కాబట్టి, మణికట్టుకు ఇంకో మనిషి బరువు కట్టి ఉన్నా ఆమె ఏ పనీ చేయడం లేదు!

"ఆ వేళ ఆమె గుడ్డ విప్పుకుని బజారుకు వెళ్లవచ్చా?" అని అడిగాను.

"అలా ఎవరూ వెళ్లరు."

"వెళ్లవచ్చా అని అడిగాను."

"పేషెంటును వదిలి ఎలా వెళ్తుంది మేడం?"

"అయితే ఆ వేళ పేషెంటు ఉంది. పేషెంటు ఉంటే పని ఉంది."

"పేషెంటు కూడా నిద్రపోతోంది కదా!" అన్నాడు, వాదన గెలిచినవాడిలా. నా సహోద్యోగి అతని వెనక గోడమీద పెద్ద అక్షరాలతో ఉన్న వాళ్ల ప్రకటన పటాన్ని చదవడం మొదలుపెట్టింది. మీ పెద్దలను మేము ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలం, అని దానిలో ఉంది. అరబ్బీలో చదివి, ఇంగ్లీషులో చదివి, "మధ్యాహ్నాలు తప్ప అని కింద చిన్న అక్షరాలతో ఏమైనా ఉందేమోనని చూస్తున్నాను," అంది.

మేనేజరు నవ్వాడు. నవ్వగలిగాడు. నాకు ఈరోజుకీ మింగుడుపడనిది అదే. కుటుంబానికి ఇరవై నాలుగు గంటల మెలకువ అమ్ముతాడు. ఆ మెలకువలో కొంత భాగాన్ని పనిమనిషి దగ్గర నిద్ర అనే పేరుతో ఉచితంగా కొంటాడు. తేడా వచ్చినప్పుడు ఒప్పందం తీసి చూపిస్తాడు. దొంగతనమంటే అది. కాని ఏ చట్టపు మాటలో చెప్పాలో నాకు తెలియని దొంగతనం.

ఆమె పనిలో ఉండగానే గాయపడిందని నివేదిక రాశాను. కారణాలు ఒక్కొక్కటే రాశాను: కదలడానికి స్వేచ్ఛ లేదు, మెలకువ రావడమే ఆమెకు అప్పగించిన బాధ్యత, ఆ బాధ్యత నెరవేరింది కాబట్టే వృద్ధురాలికి దెబ్బ తగలలేదు. ఈ చివరిది నిరూపించడానికి నాకు ఏ సిద్ధాంతమూ అవసరం కాలేదు. మామా తుంటి పగలాల్సిన బలాన్ని ఈమె భుజం మోసింది. అది పని కాకపోతే పని అంటే ఏమిటో నాకు భౌతికశాస్త్రం నేర్పలేదు.

వారం తరువాత మా విభాగాధిపతి పిలిచాడు. పెద్దమనిషి, నా నివేదికల్లో తప్పు పట్టడం ఎప్పుడో మానేసినవాడు. "మీ తర్కంలో లోపం లేదు," అన్నాడు. "అదే ఇబ్బంది. నిద్రపోయే సంరక్షకురాలు పనిలో ఉన్నట్టని కంపెనీ ఒకసారి ఒప్పుకుంటే, రేపు ప్రతి విల్లా నుంచీ ఒక దరఖాస్తు వస్తుంది. కాబట్టి వాళ్లు ఒక దారి చూపుతున్నారు. శస్త్రచికిత్స చేయిస్తారు. పరిహారంగా వచ్చేదంతా ఇస్తారు. పైసా తగ్గించరు. పరిహారం అనరు. కారుణ్య చెల్లింపు అంటారు. గాయం విశ్రాంతి వేళలో జరిగిందని ఆమె సంతకం చేయాలి."

"పోరాడితే?"

"ఏడాది పట్టవచ్చు. ఆ భుజం అంతకాలం ఆగుతుందా? శరీరం సంగతి మీకే ఎక్కువ తెలుసు."

ఆగదని నాకు తెలుసు. తెగిన కండరం నెలలు గడిచేకొద్దీ ముడుచుకుపోతుంది. తరువాత కుట్టినా అతకదు. అతను ఆ సంగతి తెలిసే అడిగాడని కూడా నాకు తెలుసు.

ఆ కాగితం నేనే తీసుకెళ్లాను. ఇంకెవరైనా తీసుకెళ్తే వివరంగా చెప్పరని భయం. గదిలో ఆమె ఒక్కతే ఉంది, కుడిచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అంతా చెప్పాను. ఇది దయ అని, దయ తీసుకుంటే హక్కు లేదని ఒప్పుకున్నట్టేనని, ఆమె తరువాత ఇలా గాయపడే ప్రతి మనిషికీ ఈ సంతకం అడ్డొస్తుందని చెప్పాను. నా గొంతు పెద్దదైందని ఆమె కుడిచెయ్యి ఆగినప్పుడు తెలిసింది.

"మేడంగారూ, మీకు మాట కావాలండి. నాకు చెయ్యి కావాలి. నన్నేం చెయ్యమంటారు?"

నేను పక్షం వహించకూడని పరిశీలకురాలిని. సలహా ఇవ్వడం మా నిబంధనలకు విరుద్ధం. నిబంధన లేకపోయినా ఇవ్వగలిగేదాన్ని కాను. ఆమె చేతిని పణంగా పెట్టి నా వాక్యాన్ని గెలిపించుకునే అధికారం నాకెవరు ఇచ్చారు? ఆమె సంతకం చేసింది. చేసి, కాగితం నాకిస్తూ, "ఈ ముక్క ఒక్కటీ అబద్ధమండి. విశ్రాంతి అన్నది," అంది. బాత్‌రూం కథ చెప్పినప్పుడు ఆమెను నేను పట్టుకున్నాను. ఈసారి అబద్ధం ఆమె చేత చెప్పించింది మేము. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. సరైన చోట సంతకం ఉందా లేదా అని మాత్రం చూశారు.

శస్త్రచికిత్స సఫలమైంది. చెయ్యి భుజం ఎత్తుదాకా లేస్తుంది. దాని పైకి లేవదు. ఇంటికి వెళ్లే రోజు ఆమెను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. డ్రైవరు సామాన్ మోయడానికి వచ్చాడు. ఆ ఇంట్లో ఇప్పుడు గుడ్డ లేదని, మంచం మీద మోగే చాప వేశారని, మామా కదిలితే అది కుయ్యోమంటుందని చెప్పాడు. "గా కొత్త పిల్ల రాత్రంత లేచుడే, కూసునుడే. కాగితంల మాత్రం ఆరాం చేస్తున్నది," అని తనే నవ్వి, తనే ఆపేశాడు.

ఆమె మంచం మీద కూర్చుని కుడిచేత్తో జడ వేసుకోవడానికి తంటాలు పడుతోంది. నేను వెనక కూర్చుని అల్లుతుంటే అడిగింది.

"ఇంతకీ మేడంగారూ, ఆ మధ్యాన్నం నేను పన్లో ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే."

"ఎక్కడైనా రాసుందాండీ అలాగ?"

"నా నివేదికలో రాశాను."

"అది ఎవరు సదువుతారు?"

ఎవరూ చదవరు. కేసు మూసేశారు కాబట్టి నివేదిక కూడా దానితోపాటే మూతపడింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు; నిజం చెప్పడానికి నోరు రాలేదు. జడ చివర రబ్బరు బ్యాండు వేశాను.

ఉద్యోగం వదిలేశాక ఆ సంస్థ కాగితాలు నా దగ్గర ఏవీ లేవు, ఉండకూడదు కూడా. కాబట్టి నా పరిశీలన ఫలితాన్ని, చదివేవాళ్లు ఉండే చోట, మరోసారి రాస్తున్నాను. బుదైయాలో ఒక ఇంట్లో, మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ, నేలమీది పరుపుపై కళ్లు మూసుకుని, ఒక వృద్ధురాలి బరువును తన ఎడమ చేతికి కట్టుకుని ఉన్న ఆ స్త్రీ పనిలో ఉంది. ఆమెకు రావలసింది పరిహారం.